గంజి కొట్టు నుంచి గుంతకల్లు గేటు దాకా: తెల్ల సోల్జర్ల ఆగడాల వెనక లెక్క

1893 అక్టోబరులో గుంతకల్లు రైలు గేటు దగ్గర హంపన్న అనే గేటుకాపరి ఒక తెల్ల సోల్జరు కాల్పుల్లో చనిపోయాడు. సోల్జర్లు వెంటపడితే ఇద్దరు ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి అతని గుడిసెలో దూరారు. అతను అడ్డం నిలబడ్డాడు. కేసు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది, నిందితుడు నిర్దోషిగా బయటికొచ్చాడు.

దానికి 33 ఏళ్ల ముందు, 1860 నవంబరులో, పట్నా పక్కనున్న దానాపూర్‌లో విలియం జాన్సన్ అనే ఇంకో తెల్ల సోల్జరును సైన్యమే కాల్చి చంపింది. అతను ఎవరి ప్రాణమూ తీయలేదు. పై అధికారి హుకుం పాటించనన్నాడు, అంతే.

వలస కాలం గురించి వాదన వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. తెల్ల సోల్జరు ఏం చేసినా చెల్లిపోయేదని ఒకరంటారు. బ్రిటిష్ సైన్యం క్రమశిక్షణకు పెట్టింది పేరని ఇంకొకరంటారు. విచిత్రమేమిటంటే రెండూ నిజమే. తప్పు ఎవరి మీద జరిగింది అన్నదాన్ని బట్టి త్రాసు మారేది. ఆ త్రాసు ఎలా పనిచేసేదో అర్థం కావాలంటే బ్యారక్ లోపలి నుంచి మొదలుపెట్టాలి.

## ఎవరీ సోల్జర్లు? ఎవరి జీతగాళ్లు?

‘బ్రిటిష్ సైన్యం’ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ 1858 దాకా ఇక్కడ మూడు రకాల సైనికులు ఉండేవారు. మొదటివాళ్లు సిపాయిలు, అంటే భారతీయులు. సంఖ్యలో ఎక్కువ వీళ్లే. రెండోవాళ్లు రాజుగారి లేదా రాణిగారి పటాలాలు. ఇవి ఇంగ్లండు సైన్యంలో భాగం. కొన్నేళ్ల పాటు ఇక్కడికి పంపి మళ్లీ తిప్పేవారు. మూడోవాళ్లు ఈస్టిండియా కంపెనీ సొంత యూరోపియన్ పటాలాలు. వీళ్లు కంపెనీకే జీతగాళ్లు, ఇక్కడే ఉండిపోయేవాళ్లు. మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అలాంటిదే. కొంతకాలం దాని మకాం మన మచిలీపట్నం కోటలో.

1857 నాటికి తెల్లవాళ్లు సుమారు 40 వేలు. ఆ తిరుగుబాటు తర్వాత సిపాయిలను తగ్గించి తెల్లవాళ్లను 60 నుంచి 70 వేల దాకా పెంచారు. ఫిరంగులు దాదాపు పూర్తిగా వాళ్ల చేతికే ఇచ్చారు. అంటే 1860 తర్వాత ప్రతి పెద్ద కంటోన్మెంటులోనూ, ఖాళీగా కూర్చున్న పడుచు తెల్లవాళ్ల గుంపు ఒకటి శాశ్వతంగా ఉండేలా ఏర్పాటైంది. 1806లో మొదలైన సికింద్రాబాద్ కంటోన్మెంటు వాటిలో పెద్దవాటి లెక్కలోకి వస్తుంది.

ఎవరు చేరేవాళ్లు? పని దొరకని కూలీలు, మగ్గం మూలపడ్డ నేతగాళ్లు, అప్పుల నుంచి పారిపోయినవాళ్లు. 1830 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలో పదిమందిలో నలుగురు ఐరిష్‌వాళ్లే. వాళ్ల నేల కూడా అదే రాజ్యం కింద నలుగుతున్నది. 1847 దాకా చేరితే దాదాపు జీవితాంతం కట్టుబాటు. ఆ ఏడు దాన్ని కాల్బలానికి 10 ఏళ్లకు తగ్గించారు. 1870లో 6 ఏళ్లు కొలువు, 6 ఏళ్లు రిజర్వు అన్నారు. ఈ మార్పుతో ఇంకో చిక్కు వచ్చిపడింది. వెనకటి ముదురు సోల్జర్ల స్థానంలో ఇరవై దాటీదాటని కుర్రాళ్లు రావడం మొదలైంది. ఊరు తెలియదు, భాష తెలియదు, ఎండ అసలే తెలియదు.

## ఎండాకాలంలో ఒక రోజు

1863లో భారత సైన్యం ఆరోగ్య స్థితి మీద రాయల్ కమిషన్ నివేదిక వెలువడింది. స్టేషన్ల వారీగా వచ్చిన జవాబులన్నీ చదివి ఫ్లోరెన్స్ నైటింగేల్ సోల్జరు దినచర్యను వంటల జాబితాలా రాసి పెట్టారు. తెల్లవారేదాకా మంచం. గంట డ్రిల్లు. నౌకరు తెచ్చిపెట్టిన ఫలహారం. మంచం. నౌకరు తెచ్చిపెట్టిన భోజనం. మంచం. టీ. తాగుడు. మంచం. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

ఇది వెక్కిరింత కాదు. ఎండ తగిలితే చస్తారన్న భయంతో ఎండ ఎక్కినప్పటి నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని బ్యారక్ లోపలే ఉంచేవారు. వంటకు వంటవాడు, నీళ్లకు భిస్తీ, బట్టలకు చాకలి, విసరడానికి పంకావాడు. మంగలి వచ్చి పడుకున్నవాడి గడ్డం పడుకోబెట్టే గీసి వెళ్లేవాడు. ఇంగ్లండులో పన్నెండు గంటలు ఒళ్లు వంచిన కూలివాడికి ఇక్కడ నెలల తరబడి చేతికి పనే లేదు.

ఇక చావులు. ఆ కమిషన్ లెక్క ప్రకారం తెల్ల సోల్జర్లలో ఏటా వెయ్యిమందికి 69 మంది చనిపోయేవారు, అదీ ఎక్కువగా యుద్ధంలో కాదు, జ్వరాలు, విరేచనాలు, కలరా, కాలేయపు జబ్బులతో. వెయ్యిమంది పటాలం తీసుకుంటే 20 నెలల్లో 115 మంది. కాల్బలంలో ఒక కంపెనీ అంటే ఇంచుమించు అంతే. (ఈ ‘కంపెనీ’కీ ఈస్టిండియా కంపెనీకీ సంబంధం లేదు, పటాలంలో ఒక ముక్క.) పక్క మంచం మీదివాడు పొద్దున పాతిపెట్టబడితే సాయంత్రం క్యాంటీనుకు వెళ్లడం తప్ప చేయడానికేమీ ఉండని బతుకది. దీన్ని సమర్థనగా చెప్పడం లేదు. తర్వాత వచ్చే లెక్కకు ఇది మొదటి అంకె.

## డ్రాము లెక్క

తాగుడు క్రమశిక్షణ తప్పినవాడి వ్యసనం అనుకుంటాం. ఇక్కడ అది సర్కారు సరఫరా. బెంగాల్ వైపు రమ్ము, మద్రాసు వైపు సారా. కొలత పేరు డ్రాము, అంటే గాలనులో ఇరవయ్యో వంతు. ఇంపీరియల్ గాలను 4.55 లీటర్లు కాబట్టి ఒక డ్రాము సుమారు 227 మిల్లీలీటర్లు. ఇప్పటి కొలతల్లో క్వార్టరు సీసా కన్నా ఎక్కువ.

రోజుకు ఒక్కటే తాగే బుద్ధిమంతుణ్ణి తీసుకుందాం. 365ని 20తో భాగిస్తే ఏడాదికి 18.25 గాలన్లు, అంటే 83 లీటర్ల పచ్చి సారా. చాలా చోట్ల రోజుకు రెండు డ్రాములు కొనుక్కోనిచ్చేవారు. బీరు దీనికి అదనం.

దుర్వినియోగం జరగకుండా నియమాలు లేకపోలేదు. సార్జెంటు కళ్లెదుట తాగాలి, బయటికి పట్టుకుపోకూడదు, పేరు మీద గీత పెట్టాలి. అవి ఎక్కడ చెడేవంటే, తాగనివాడు తన వంతు తాగేవాడికి అమ్ముకునేవాడు. పదిమందిలో ఇద్దరు తాగకపోతే మిగతావాళ్లలో ఇద్దరు రెట్టింపు తాగినట్టే. పుస్తకంలో మాత్రం అందరూ మితంగానే తాగినట్టు కనిపిస్తుంది.

క్యాంటీను మూశాక బజారు మొదలు. కంటోన్మెంటులో సోల్జర్లకు సారా అమ్మడం నేరం కాబట్టి దొంగ సారా పుట్టింది. ఘాటు చాలకపోతే అందులో ఉమ్మెత్త గింజలు కలిపేవారు. ఉమ్మెత్త తాగుడు మత్తులాంటిది కాదు. గొంతెండిపోతుంది, లేనివి కనిపిస్తాయి, ఎదుటివాడు శత్రువులా తోస్తాడు. రాత్రి గొడవల్లో నిందితుడు ‘నాకేమీ గుర్తులేదు’ అన్నది కొన్నిసార్లు బొంకు కాకపోవచ్చు.

డబ్బు అయిపోతే? బూట్లు, చొక్కాలు, దుప్పటి అమ్మేసేవారు. సైనిక నేరాల చిట్టాలో ఇది అతి మామూలు నేరం, దానికో పేరే ఉండేది: ‘ఇచ్చిన సామాను పోగొట్టుట’. శిక్షగా కొత్త సామాను ఖరీదు జీతంలో కోత. జీతం కోస్తే బజారులో అప్పు, అప్పు తీర్చడానికి మళ్లీ దుప్పటి.

ఈ గొలుసు తెంచడానికి గ్రెగ్సన్ అనే బాప్టిస్టు పాదిరి 1862లో ఆగ్రాలో మద్యనిషేధ సంఘం మొదలుపెట్టాడు. సర్కారుకు ఆ తెలివి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1888లో సేనాధిపతి రాబర్ట్స్ అండతో ఆర్మీ టెంపరెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. క్యాంటీను పక్కనే కాఫీ, ఆటలు, చదువుకునే గది వచ్చాయి. సారా స్థానంలోకి బీరు వచ్చింది. 1860లో పెట్టిన ‘మర్రీ’ (ఊరి పేరు) బ్రూవరీ లాంటి కొండ ప్రాంతపు బీరు కంపెనీలు ఈ గిరాకీ మీదే పెరిగాయి.

## గంజి కొట్టు, కొరడా, ఆస్ట్రేలియా

పటాలం లోపలి తప్పుకు శిక్ష వేగంగా పడేది. చిన్నదైతే కమాండింగ్ అధికారే తేల్చేస్తాడు. పెద్దదైతే కోర్టు మార్షల్, అంటే అధికారులే జడ్జీలుగా కూర్చునే సైనిక కోర్టు. కొద్దిరోజుల ఖైదుకు పటాలం కొట్లు ఉండేవి. వాటిని ఇంగ్లీషు సోల్జర్లు ‘కాంజీ హౌస్’ అనేవారు. లోపల పెట్టేది గంజి కాబట్టి ఆ పేరు. మన గంజి, తమిళుల కంజి అలా ఇంగ్లీషు సైనిక భాషలోకి ఎక్కాయి. ఎక్కువ రోజుల ఖైదుకు సైనిక జైళ్లు ఉండేవి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో కోట బురుజుల ఆకారంలో కట్టిన జైలు వాటిలో ఒకటి.

కొరడా సంగతి ఇంకా చిత్రం. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ సిపాయిలకు కొరడా దెబ్బలు రద్దు చేశాడు. తెల్ల సోల్జరుకు మాత్రం కొనసాగాయి. అంటే పదేళ్ల పాటు నల్లవాడి వీపు భద్రం, తెల్లవాడి వీపు చీలికలు! 1845లో సిపాయిలకు మళ్లీ పెట్టి సమానం చేశారు. తెల్లవాళ్లకు 1846లో గరిష్ఠం 50 దెబ్బలన్నారు, 1868లో శాంతికాలంలో ఆపారు, 1881లో పూర్తిగా తీసేశారు.

ఈ బతుకు నుంచి బయటపడే దారుల్లో అన్నిటికన్నా తెగించినది 1840ల్లో, 50ల్లో కనిపిస్తుంది. అధికారిని కొడితే శిక్ష ఆస్ట్రేలియాకు ప్రవాసం. ఆస్ట్రేలియాలో చలి గాలి, పని, కొన్నేళ్ల తర్వాత స్వేచ్ఛ ఉంటాయని బ్యారకుల్లో పుకారు. దాంతో కొందరు పరేడులో అధికారి మీదికి టోపీ విసరడమో చేయి చేసుకోవడమో మొదలుపెట్టారు. శిక్షే బహుమతి అయిపోయిందని గ్రహించి కొన్ని కేసుల్లో ప్రవాసం బదులు మరణశిక్ష అమలు చేశారు. ఓడెక్కుదామనుకున్నవాడు తుపాకుల ముందు నిలబడ్డాడు.

వెళ్లాల్సిన రోజు దగ్గరపడినా తిప్పలే. 1861లో నాసిక్ దగ్గర దేవలాలిలో సైనిక శిబిరం పెట్టారు. గడువు తీరినవాళ్లు ఓడ కోసం అక్కడే కాచుకోవాలి. సైనికుల ఓడలు చలికాలంలోనే నడిచేవి. గడువు వేసవిలో తీరితే ఆయుధం లేదు, డ్యూటీ లేదు, నెలల తరబడి ఎదురుచూపు. పిచ్చెక్కినవాణ్ణి ‘డూలాలీ’ అనడం అక్కడి నుంచే వచ్చింది. పూర్తి మాట ‘డూలాలీ ట్యాప్’. ఆ ట్యాప్ మన తాపానికి చుట్టమే, జ్వరం అని అర్థం.

## బందరు కోటలో ఒక విందు

ఆగడాలన్నీ కింది సోల్జర్లవే అనుకుంటే పొరపాటు. 1809లో మద్రాసు సైన్యాన్ని కుదిపేసిన గొడవ దొరల భోజనబల్ల దగ్గర రాజుకుంది, అదీ మచిలీపట్నంలో.

నేపథ్యం డబ్బు. పటాలానికి డేరాలు సమకూర్చే కాంట్రాక్టు కమాండింగ్ అధికారులకే ఉండేది. డేరాలు వాడినా వాడకపోయినా నెలవారీ సొమ్ము వచ్చేది. ఖర్చు తగ్గించాలని మద్రాసు సర్కారు దాన్ని రద్దు చేసింది. గవర్నర్ జార్జ్ బార్లో మీద అధికారులు మండిపడుతున్నారు. ఆ వేడిలో లెఫ్టినెంట్ కల్నల్ ఇన్నెస్ మద్రాసు యూరోపియన్ రెజిమెంటు బాధ్యత తీసుకోవడానికి బందరు వచ్చాడు. 1809 మే 7న అతనికి విందు. గ్లాసులెత్తేటప్పుడు ‘సైన్యపు మిత్రుల’ పేరు మీద తాగుదామని కొందరు అధికారులు ప్రతిపాదించారు. పైకి అమాయకమైన మాట. లోపల బార్లో వ్యతిరేకులకు జై అని. ఇన్నెస్ ‘మద్రాసు సైన్యం’ అని మార్చమన్నాడు. వాళ్లు మార్చలేదు. అతను బల్ల దగ్గర నుంచి లేచిపోయి సంగతి పైకి చేరవేశాడు.

ఒక అధికారి పదవి పోయింది, ఇంకొకర్ని కొండపల్లికి తోలేశారు. ఆ తర్వాత పటాలం నుంచి కొందరిని ఓడల మీద కాపలాకు పంపమని ఉత్తర్వు వస్తే, ‘మమ్మల్ని విడగొట్టడానికే’ అని అధికారులకు అనుమానం వచ్చింది. జూన్ 25న వాళ్లు తమ కమాండర్నే నిర్బంధించారు. నచ్చజెప్పడానికి సర్కారు తరఫున జాన్ మాల్కమ్ బందరు వచ్చాడు. హైదరాబాద్, జాల్నా, శ్రీరంగపట్నం దండుల్లోనూ అధికారులు తిరగబడ్డారు; శ్రీరంగపట్నంలో నిజంగానే తుపాకులు పేలాయి.

శిక్షలు చూడండి. బందరులో రెండో అధికారి మేజర్ స్టోరీకి కోర్టు మార్షల్‌లో ఉద్యోగం ఊడింది. కమాండర్ని బంధించినదానికి ఎవరి ప్రాణమూ పోలేదు. టోపీ విసిరిన సోల్జరుతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. త్రాసులో రంగు ఒక్కటే కాదు, హోదా కూడా తూగేది.

## మమ్మల్ని అడగకుండా అప్పగిస్తారా?

మొదట చెప్పిన జాన్సన్ కథ ఇక్కడికి వస్తుంది. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. కంపెనీ యూరోపియన్ సోల్జర్లు సుమారు 15 వేల మందిని అలాగే రాణి కొలువులోకి మార్చేశారు. ‘మేము ఒప్పందం కుదుర్చుకున్నది కంపెనీతో. కంపెనీ పోతే ఒప్పందం పోయినట్టే. ఇంటికైనా పంపండి, కొత్తగా చేరినట్టు రాసుకుని చేరిక బహుమానమైనా ఇవ్వండి’ అని వాళ్ల వాదన. చట్టప్రకారం మార్పు చెల్లుతుందని సర్కారు లాయర్లు అన్నారు. గొడ్లను బదిలీ చేసినట్టు చేస్తారా అని 1859లో మీరట్ మొదలుకొని చాలా చోట్ల పరేడు మానేశారు.

దీన్నే ‘తెల్లవాళ్ల తిరుగుబాటు’ అంటారు. 1857 పచ్చిగా ఉండగానే తెల్లవాళ్ల మీద తెల్లవాళ్లను ఉసిగొల్పే ధైర్యం సర్కారుకు లేదు. కోరినవాళ్లకు విడుదల, ఉచిత ప్రయాణం ఇచ్చింది. సుమారు 10 వేల మంది వెళ్లిపోయారు. మొండికేసిన 5వ బెంగాల్ యూరోపియన్ రెజిమెంటును మరుసటి ఏడు రద్దు చేసి, అందులోని జాన్సన్‌కు మరణశిక్ష వేసి మిగతావాళ్లకు జంకు పుట్టించారు.

## లాల్ బజారు: వద్దంటూనే నడిపిన ఏర్పాటు

సోల్జర్లకు పెళ్లి హక్కు కాదు, అనుమతి. ఇండియాకు వచ్చే పటాలంలో వందకు 12 మందికి మించి భార్యల్ని లెక్కలో చేర్చేవారు కాదు. మిగతావాళ్ల కోసం కంటోన్మెంటు పక్కన లాల్ బజార్లు, అంటే వేశ్యవాడలు, వెలిశాయి. 1864 కంటోన్మెంట్ల చట్టం, 1868 అంటురోగాల చట్టం కింద అక్కడి ఆడవాళ్ల పేర్లు నమోదు చేసేవారు, బలవంతపు పరీక్షలు చేసేవారు, సుఖవ్యాధి ఉంటే ‘లాక్ హాస్పిటల్’ అనే ఆస్పత్రిలో నిర్బంధించేవారు. సోల్జర్లకు అంతటి నిర్బంధం లేదు. జబ్బు ఇద్దరిదీ, బోను ఒకరిది.

1886లో సైన్యాధిపతి కార్యాలయం నుంచి వెళ్లిన ఒక సర్క్యులరు, బజార్లలో తగినంతమంది, చూడచక్కనివాళ్లు ఉండేలా చూడమంది. అది బయటపడ్డాక లండన్‌లో గగ్గోలు పుట్టి 1888లో అంటురోగాల చట్టం రద్దయింది. పేరు మార్చుకుని పద్ధతి సాగుతోందని 1890ల మొదట్లో ఇద్దరు అమెరికన్ మహిళలు, ఎలిజబెత్ ఆండ్రూ, క్యాథరిన్ బుష్నెల్, కంటోన్మెంట్లు తిరిగి సాక్ష్యం పట్టుకెళ్లారు. 1893లో రాబర్ట్స్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

సైన్యం మాత్రం తన అంకెలు చూపించింది. 1895లో ఈ జబ్బులతో ఆస్పత్రి చేరికలు వెయ్యిమందికి 500 పైచిలుకు. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఒకే మనిషి ఏడాదిలో మూడుసార్లు చేరితే మూడుగా లెక్క. సగం సైన్యం రోగిష్టిది అని దీని అర్థం కాదు.

## గేటు దాటాక: పంకా, ప్లీహం, వేట

కంటోన్మెంటు బయట, లేదా లోపలే అయినా నౌకర్ల మీద జరిగిన హింసకు కొన్ని మూసలున్నాయి. మొదటిది పంకా. రాత్రంతా తాడు లాగే కూలీ కునుకు తీస్తే పంకా ఆగుతుంది, ఉక్కపోతకు లేచినవాడు బూటుకాలితో తంతాడు, కూలీ చనిపోతాడు. శవపరీక్షలో ‘ప్లీహం పగిలింది’ అని తేలుతుంది.

ఇది కట్టుకథ కాదు, అలాగని పూర్తి సాకూ కాదు. మలేరియా పదేపదే వచ్చినవాడికి ప్లీహం, అంటే తిల్లి, ఉబ్బి పల్చబడుతుంది. మామూలు దెబ్బకే పగలొచ్చు. (మలేరియా దోమ గుట్టును రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న పట్టుకున్నది సికింద్రాబాద్‌లోనే.) కోర్టులో ఏం జరిగేదంటే, ‘ఈ దెబ్బకు చస్తాడని నిందితుడికి తెలియదు’ అని వాదన. అప్పుడు హత్య కాదు, నేరపూరిత నరహత్యా కాదు, శిక్షాస్మృతి 323వ సెక్షన్ కింద ‘స్వల్ప గాయం’ మాత్రమే. దానికి గరిష్ఠం ఏడాది ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా. 1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే లాయరు తన గుర్రపువాడు కట్వారూను కొడితే ఇలాగే చనిపోయాడు. జరిమానా 30 రూపాయలు. వైస్రాయ్ లిట్టన్ ఆ మేజిస్ట్రేటును బహిరంగంగా తప్పుపట్టాడు, తెల్లవాళ్ల పత్రికలు లిట్టన్ మీద విరుచుకుపడ్డాయి. ఫుల్లర్ సోల్జరు కాదని గమనించాలి. జబ్బు బ్యారకుది మాత్రమే కాదు.

రెండో మూస వేట. సెలవు రోజున ఇద్దరు ముగ్గురు సోల్జర్లు పాసు తీసుకుని పల్లెల వైపు వెళతారు. చెరువు గట్టున నెమలి కనిపిస్తే కాలుస్తారు, లేదా గుళ్లు పక్కకు పోయి గొడ్డుకో మనిషికో తగులుతాయి. ఊరు చుట్టుముడుతుంది. ఊరివాళ్లు తుపాకి లాక్కోబోయేది ఇంకెవరినీ కాల్చకుండా. సోల్జరుకు అది దాడి అనిపిస్తుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. పెనుగులాటలో తుపాకి పేలుతుంది. కోర్టులో ‘ఆత్మరక్షణ’ లేదా ‘ప్రమాదం’. ఇలాంటివి పెరిగాక వేట పాసులకు నియమాలు బిగించారు. హద్దులు రాసిచ్చారు, ఊళ్ల దగ్గర కాల్చొద్దన్నారు, నెమళ్ల జోలికి పోవద్దన్నారు. సోల్జర్లలో వీటంత అయిష్టమైన నియమాలు తక్కువ.

## ఏ తప్పు ఏ కోర్టుకు?

శిక్షాస్మృతి 1862 నుంచి అందరికీ ఒకటే. నిందితుణ్ణి ఎవరు విచారించాలి అన్నదే వేరు. 1861కి ముందు పెద్ద నేరం చేసిన తెల్లవాణ్ణి విచారించాలంటే కలకత్తా, మద్రాసు, బొంబాయి సుప్రీంకోర్టులకే తీసుకెళ్లాలి. తర్వాత జిల్లాల్లో చిన్న నేరాలు విచారించే వీలు కల్పించినా, కూర్చునే మేజిస్ట్రేటు తెల్లవాడై ఉండాలన్నారు. 1883లో ఇల్బర్ట్ బిల్లు ఆ అడ్డంకి తీసేయబోతే తెల్ల సమాజం వీధికెక్కింది. 1884లో రాజీ కుదిరింది: భారతీయ జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి విచారించొచ్చు, కానీ నిందితుడు అడిగితే జ్యూరీలో సగానికి తగ్గకుండా యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. మరణశిక్ష పడగల నేరమైతే నేరుగా హైకోర్టే.

గుంతకల్లు కేసును ఈ మెట్ల మీద నడిపించి చూద్దాం. హత్యారోపణ కాబట్టి అక్కడి మేజిస్ట్రేటు శిక్ష వేయలేడు, పైకి పంపగలడు. పైకి అంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మద్రాసు. సాక్షులు ఎవరు? పారిపోయొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, రైల్వే కూలీలు. వాళ్లు కూలి మానుకుని రైలెక్కి, తెలియని ఊళ్లో దిగి, దుబాసీ ద్వారా తెలుగులో సాక్ష్యం చెప్పాలి. చీకట్లో ఒకే రకం దుస్తుల్లో ఉన్న సోల్జర్లలో ఫలానావాడే కాల్చాడని గుర్తుపట్టాలి. అవతల పటాలం మొత్తం ఒక్క మాట మీద ఉంటుంది. నిందితుడు కార్పొరల్ ఆష్‌ఫోర్డ్‌ను జ్యూరీ వదిలేసింది. గుత్తి లాయరు కేశవపిళ్లె ఈ కేసును పట్టుకుని పత్రికల్లోకి తేకపోతే అది మద్రాసు దాకా కూడా నలిగేది కాదేమో. హంపన్న పేరిట జనం చందాలు వేసుకుని స్మారకం కట్టించారు, ఎందుకు చనిపోయాడో రాయి మీద చెక్కించారు.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిల్లు ఆకుకే అంటాం. అయినా జ్యూరీలు ఎప్పుడూ వదిలేశాయనడమూ సరికాదు. 1890లో కలకత్తా పక్క దమ్‌దమ్‌లో సలీమ్ షేక్‌ను కాల్చి చంపిన కేసులో ఓహారా అనే సోల్జరుకు కలకత్తా హైకోర్టులో మరణశిక్ష పడింది. తర్వాత, జడ్జి జ్యూరీకి చెప్పిన వివరణలో లోపముందని అదే హైకోర్టు పెద్ద బెంచి దాన్ని కొట్టేసింది. అన్యాయం ఒక్క చోట పేరుకుని ఉండేది కాదు. మెట్టుమెట్టునా కాస్త కాస్త కారిపోయేది.

## మూడు వాదనలు

సోల్జర్ల పక్షాన ఆనాడు చెప్పింది: 60 వేల మందిలో ఇలాంటివాళ్లు పిడికెడు, కుర్రాళ్లు, ఎండ, సారా. పైన చూసిన అంకెలు దీన్ని కొంత బలపరుస్తాయి. కానీ అదే ఎండలో అదే సారా తాగినవాడు తన కల్నల్ పంకా ఆగిపోయిందని కల్నల్‌ను తన్నలేదు. ఎవర్ని తంతే ఏమవుతుందో మత్తులోనూ తెలిసేది.

భారతీయ పత్రికల వాదన: ఇది జాతి అహంకారం, కోర్టులు దానికి కాపలా. కేసుల తీరు దీన్ని గట్టిగానే నిలబెడుతుంది. అది చెప్పలేనిది ఒకటుంది, అదే రాజ్యం తన తెల్ల సోల్జర్లను పురుగుల్లా చూడటం.

ఈ మధ్య చరిత్రకారుల్లో కొందరు మూడో మాట అంటున్నారు. దొరలకు, తోటల యజమానులకు ‘మొరటు టామీ’ (టామీ అంటే మామూలు తెల్ల సోల్జరు) పనికొచ్చాడు. హింసను అతని సంస్కారలేమికి అంటగడితే ఫుల్లర్ లాంటి చదువుకున్నవాళ్ల దెబ్బలు కనిపించకుండా పోతాయి. నాకు ఈ వాదన మిగతా రెండిటికన్నా ఎక్కువ వాస్తవాలను మోస్తుందనిపిస్తుంది. అయితే దీన్ని మరీ సాగదీస్తే కాల్చినవాడు కూడా బాధితుడైపోతాడు, హంపన్న అంచుకు జరిగిపోతాడు.

## కర్జన్ పట్టు, దర్బారు చప్పట్లు

ఈ త్రాసును సరిచేయాలని గట్టిగా చూసిన వైస్రాయ్, విచిత్రంగా, పరమ సామ్రాజ్యవాది కర్జన్. 1899లో రంగూన్‌లో వెస్ట్ కెంట్ రెజిమెంటు సోల్జర్లు ఒక బర్మీస్ మహిళ మీద సామూహిక అత్యాచారం చేశారు. అప్పుడు బర్మా ఇండియాలో భాగం, రంగూన్ రేవులో తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. అధికారులు సంగతి తొక్కిపెట్టబోయారు, కోర్టులో కేసు నిలవలేదు. కర్జన్ ఆ సోల్జర్లను సైన్యం నుంచి తీసేయించి, పటాలం మొత్తాన్ని సెలవుల్లేకుండా రెండేళ్లు అరేబియా కొసన ఉన్న ఏడెన్ రేవుకు తోలించాడు.

1902 ఏప్రిల్‌లో 9వ లాన్సర్స్ పటాలం దక్షిణాఫ్రికా యుద్ధం నుంచి సియాల్‌కోట్ చేరింది. చేరిన రాత్రే తాగిన సోల్జర్లు అటూ అనే వంటవాణ్ణి చావబాదారు. కొద్దిరోజులకు అతను ఆస్పత్రిలో చనిపోయాడు. పటాలం విచారణ జరిపి దోషులు దొరకలేదంది. కర్జన్ ఈసారీ ఉమ్మడి శిక్షకే మొగ్గాడు: అధికారులతో సహా అందరికీ సెలవులు రద్దు.

ఉమ్మడి శిక్ష న్యాయమా అన్నది అప్పుడూ ఇప్పుడూ వాదనే. తప్పు చేయనివాడూ పడతాడు కాబట్టి కాదని ఒక పక్షం. పటాలమంతా నోరు కట్టేసుకున్నప్పుడు ఇంకో దారేదని రెండో పక్షం. కర్జన్ ఉద్దేశం భారతీయుల మీద ప్రేమేనా అంటే అతని లెక్క వేరు: ఇలాంటివి ఊరుకుంటే రాజ్యానికే మచ్చ, రాజ్యమే బలహీనపడుతుంది.

1903 జనవరిలో ఢిల్లీ దర్బారు జరిగింది. కవాతులో 9వ లాన్సర్స్ వంతు వచ్చింది. గుర్రాలు వైస్రాయ్ ముందు నుంచి సాగుతుండగా అక్కడ చేరిన తెల్ల అతిథులు, అతను పిలిచిన అతిథులే, ఆ పటాలానికి హర్షధ్వానాలు చేశారు. అటూను కొట్టినవాళ్ల పేర్లు అప్పటికీ తేలలేదు, ఆ తర్వాతా తేలలేదు.